కాలువ కట్టేసిన రోజుల్లో: ఇంటి దగ్గరే ఆర్ట్ రెసిడెన్సీ, ఒక బొమ్మల డైరీతో

ఏప్రిల్ నెల సగం దాటిందంటే మా కోనసీమలో అందరూ అడిగేది ఒకటే: "కాలువలు ఎప్పుడు కట్టేస్తారంట?" దాళ్వా (రెండో పంట వరి) కోతలు ముగింపుకొస్తాయి. ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. తర్వాత గోదావరి నీళ్ళు మా కాలువల్లోకి వచ్చే బొబ్బర్లంక దగ్గర తలుపులు దించేస్తారు. నాలుగైదు రోజుల్లో కాలువ అడుగు బయటపడుతుంది. మళ్ళీ సార్వాకి, అంటే వానాకాలం వరికి, నీళ్ళు వదిలేది జూన్‌లోనే. పూడిక తీయడం, లాకు (కాలువలో నీటి మట్టం మార్చే తలుపుల కట్టడం) తలుపులు బాగుచేయడం, గట్లకి మట్టి వేయడం, అన్నీ ఈ మధ్య రోజుల్లోనే. ఆఫీసు భాషలో దీన్ని క్లోజర్ అంటారు.

నేను ఆర్ట్ రెసిడెన్సీ, అంటే కళాకారుడు కొన్నాళ్ళు ఒకచోటే ఉండి తన పని చేసుకోవడం, చేసింది ఆ రోజుల్లోనే. ఊరు దాటి వెళ్ళలేదు, ఎవరూ పిలవలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. నా దగ్గరున్నది ఒక డైరీ, రోజుకి నలభై ఐదు నిమిషాలు, ఇంట్లోవాళ్ళ సంతకాలతో ఒక కాగితం. ఆ సంతకాల సంగతి తర్వాత చెబుతాను, అదే అన్నిటికన్నా ముఖ్యం.

ముందు నా పరిస్థితి చెప్పాలి. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేశాను. పధ్నాలుగేళ్ళుగా అమలాపురంలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌ని. పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు, పెళ్ళిళ్ళు, తీర్థాలు. చేతికి మౌస్ తప్ప పెన్సిల్ తగలని నెలలు ఎన్నో గడిచాయి. బయటి రెసిడెన్సీలకి రెండుసార్లు అప్లై చేశాను. ఒకచోట నుంచి జవాబే లేదు. రెండోచోట ఎంపికయ్యాను, కానీ ఆరు వారాలు అక్కడే ఉండాలి, ప్రయాణ ఖర్చులు మనవే అన్నారు. ఆరు వారాలు జీతం లేకపోతే మా ఇల్లు గడవదు. రాలేనని ఉత్తరం రాసిన రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఒకే ప్రశ్న నన్ను పట్టుకుంది. అక్కడ దొరికేది అసలేమిటి? అందులో ఇక్కడ దొరకనిది ఎంత?

ఇంట్లో ఉండి డైరీలో బొమ్మలేసుకుంటే అది రెసిడెన్సీ ఎలా అవుతుందని చాలామంది అడిగారు. డైరీ డైరీయే కదా అన్నారు. న్యాయమైన అనుమానమే. జవాబు చెప్పాలంటే రెసిడెన్సీని విప్పి లోపల ఏముందో చూడాలి.

రెసిడెన్సీ లోపల ఏముంది

కళాకారుణ్ణి రోజువారీ బతుకు నుంచి కొన్నాళ్ళు పక్కకి తీసి, పని చేసుకోమని ఒక చోటు ఇవ్వడం పాత ఆలోచనే. ఫ్రాన్సు ప్రభుత్వం 1666లో రోమ్ నగరంలో ఒక అకాడమీ పెట్టింది. పోటీలో గెలిచిన యువ చిత్రకారులూ శిల్పులూ అక్కడ ఉండి పని నేర్చుకునేవారు. అమెరికాలో 1907లో మొదలైన మెక్‌డోవెల్ ఇప్పటికీ రచయితలకీ చిత్రకారులకీ అడవి మధ్యలో గదులిస్తోంది. మనకి దగ్గరలో చూస్తే మద్రాసు పక్కన చోళమండలం ఉంది. కె.సి.ఎస్. పణికర్, ఆయన దగ్గర చదువుకున్న చిత్రకారులు కలిసి 1966లో సముద్రం ఒడ్డున ఆ ఊరు కట్టుకున్నారు. బాతిక్ గుడ్డలు చేసి అమ్మి, ఆ డబ్బుతో స్థలం కొన్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే. చోటు ఎవరో ఇస్తారని వాళ్ళు ఎదురుచూడలేదు.

ఇలాంటి చోట్ల పైకి కనిపించేవి గది, భోజనం, కొంత డబ్బు, తోటి కళాకారులు. వాటి కింద కనిపించనివి ఇంకొన్ని ఉన్నాయి. ఫలానా తేదీన మొదలై ఫలానా తేదీన ముగిసే గడువు ఉంటుంది. "నేను ఇక్కడ ఈ పని చేస్తాను" అని ముందుగా రాసిచ్చిన ప్రశ్న ఉంటుంది. ఆఖర్న నలుగురూ వచ్చి చూసే రోజు ఉంటుంది. వీటన్నిటి కిందా ఇంకొకటి ఉంటుంది: ఈ మనిషి ఇప్పుడు పనిలో ఉన్నాడు, కదిలించకూడదు అని చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోవడం.

మన ఇళ్ళల్లో దొరకనిది ఈ చివరిదే. షాపులో కూర్చుంటే పని. పొలం వెళ్తే పని. అరుగు మీద పుస్తకం, పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే మాత్రం "ఖాళీగానే ఉన్నావుగా, గ్యాస్ బుక్ చెయ్యి" అంటారు. వాళ్ళ తప్పు లేదు. ఇది పని అని మనం ఎప్పుడూ చెప్పలేదు.

ఈ ముడిని బాగా విప్పింది లెంకా క్లేటన్ అనే కళాకారిణి అని నా అభిప్రాయం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉంటుంది. చిన్నపిల్లల తల్లికి దూరంగా వెళ్ళి రెసిడెన్సీ చేయడం ఎలాగూ కుదరదు. అందుకని 2012లో తన ఇంటినీ తన తల్లితనాన్నీ రెసిడెన్సీగా ప్రకటించుకుంది. పిల్లవాడు నిద్రపోయేంత సేపే పని, అలసట, చెదిరిపోయే ధ్యాస, వీటినే ముడిసరుకు అనుకుంది. 2016లో ఆ పద్ధతిని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా అందరికీ ఇచ్చేసింది. అడ్డంకి తొలిగాక పని మొదలుపెడదామని ఆమె కూర్చోలేదు. అడ్డంకి ఎంత మేర ఉందో కొలిచి, దాని లోపలే హద్దు గీసుకుంది.

మా ప్రాంతం వాళ్ళకి ఇది ఇంకోలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించారు. ఆనకట్ట గోదావరికి ఒక్క చుక్క నీరు కూడా అదనంగా తేలేదు. ఉన్న నీటినే ఆపి, మట్టం పెంచి, కాలువల్లోకి ఎక్కేలా చేసింది. అంతకుముందు కూడా ఆ నీళ్ళున్నాయి, సముద్రంలోకి పోయేవి. నా ఉదయాలు కూడా అలాగే పోయేవి. టీ, ఫోను, పేపరు చూసేలోపు ఏడున్నర. డైరీ నాకు కొత్తగా టైమ్ ఇవ్వలేదు. పోయే టైమ్‌కి అడ్డం నిలబడింది.

ఒప్పందం

డైరీ మొదటి పేజీలో నేను రాసింది ఇది. కాలువ కట్టేసిన మర్నాటి నుంచి నీళ్ళు వచ్చిన రోజు దాకా, రోజూ ఉదయం ఐదున్నర నుంచి ఆరుంబావు వరకు, మా ఊరి వంతెనకీ లాకుకీ మధ్య గట్టు మీద పని చేస్తాను. ప్రశ్న: నీళ్ళు పోతే కాలువలో ఏం మిగులుతుంది? పేజీ చించను. వేసింది చెరపను. ఒక రోజు కుదరకపోతే తేదీ వేసి ఒక్క వాక్యమైనా రాస్తాను.

కింద నా సంతకం, మా ఆవిడ సంతకం, అమ్మ సంతకం. అమ్మ అంతా చదివి "మరి పాలు ఎవరు తెస్తారు?" అంది. అది కూడా ఒప్పందంలో చేర్చాను: ఆరున్నరకి పాలు. ఆ వాక్యం రాశాక ఇంట్లో దీనికి విలువ వచ్చింది. వాళ్ళ అవసరం కూడా కాగితం మీద ఉంది కాబట్టి నా నలభై ఐదు నిమిషాల్నీ వాళ్ళు కాపాడారు. రెండోవారంలో ఒక ఉదయం మా బావగారు ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నాడండీ, ఆరున్నరకి చేయండి" అని అమ్మే చెప్పింది.

గడువు విషయంలో ఒక సలహా. "నెల రోజులు చేస్తాను" అని మనకి మనం పెట్టుకున్న గడువుని మనమే జరిపేస్తాం. కాలువ నా మాట వినదు. నీళ్ళు వదిలిన రోజు నా పని ముగిసిపోవాల్సిందే, ఇంకో వారం అడగడానికి లేదు. ఆ టెన్షన్ నాకు మేలు చేసింది. చోటు కూడా చిన్నదై ఉండాలి. నా హద్దు రెండు కిలోమీటర్లకి తక్కువే. ముందు కోనసీమ అంతా వేస్తాననుకున్నాను, అంతర్వేది నుంచి యానాం దాకా. అలా చేసి ఉంటే సగం రోజులు బస్సుల్లోనే అయిపోయేవి.

పేజీలో ఏం జరుగుతుంది

పేజీ పైన తేదీ, టైమ్, గాలి ఎటు నుంచి, లాకు గోడ మీద నీటి గుర్తు ఎంత. మధ్యలో బొమ్మ. కింద ఆ రోజు విన్న ఒక మాట. పూడిక, తూము, బోదె, ఊట, ఒండ్రు. ఈ మాటలన్నీ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసనుకున్నాను. ఊట అంటే ఏమిటో ఆరో రోజు కళ్ళతో చూశాను. ఎండిన కాలువ అడుగున ఎవరో చిన్న గొయ్యి తీశారు, తెల్లారేసరికి అందులో అరచేతి లోతు నీళ్ళు. ఒక గేదె మోకాళ్ళు వంచి తాగుతోంది. ఆ బొమ్మ సరిగ్గా కుదరలేదు. గేదె మెడ పొట్టిగా వచ్చింది. కానీ ఆ పేజీ చూస్తే ఇప్పటికీ ఆ తడిమట్టి వాసన గుర్తొస్తుంది.

దీనికి కారణం ఉంది. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి కొన్ని మాటలిచ్చి, కొన్నిటిని రాయమన్నారు, కొన్నిటికి బొమ్మ వేయమన్నారు. బొమ్మ వేసిన మాటలే ఎక్కువగా గుర్తున్నాయి. బొమ్మ గొప్పగా ఉండాల్సిన అవసరం కూడా లేదు. బొమ్మ వేసేటప్పుడు ఆ వస్తువు ఎలా ఉంటుందో ఆలోచించాలి, చెయ్యి కదలాలి, వచ్చింది కన్ను చూడాలి. ఒకే విషయం మూడు దారుల్లో లోపలికి వెళుతుంది. ఫోటో తీస్తే ఇందులో ఏదీ జరగదు. నేను ఆ రోజుల్లో ఫోను ఇంట్లో వదిలి వెళ్ళింది ఇందుకే.

మొదటి వారం నేను వేసినవన్నీ దృశ్యాలు. కొబ్బరిచెట్లు, సూర్యోదయం, వంతెన. ఎనిమిదో రోజు వెనక్కి తిప్పి చూస్తే అవి నా ఫ్లెక్సీల వెనక పెట్టే బ్యాక్‌గ్రౌండ్లలాగే ఉన్నాయి. కన్ను వాటికి అంతగా అలవాటుపడిపోయింది. తొమ్మిదో రోజు కావాలని తల దించుకుని నడిచాను. ఒండ్రులో కూరుకుపోయిన ఒక చెప్పు. భాద్రపదంలో నిమజ్జనం చేసిన వినాయకుడి తాలూకు కర్రలు, వాటికి చుట్టిన గడ్డి ఇంకా ఊడిపోలేదు. ఎండి పలకలుగా పగిలిన మట్టి. గుంటల్లో మిగిలిన నీళ్ళల్లో కొర్రమీనుల కోసం దిగిన కుర్రాళ్ళ అడుగులు. గట్టు గోడలో లకుముకి పిట్ట తొలిచిన బొరియ. నీళ్ళున్నప్పుడు పిట్టని మాత్రమే చూస్తాం, ఇల్లు కనిపించదు. ఆ బొరియ దగ్గర వరసగా పదకొండు ఉదయాలు కూర్చున్నాను. పదకొండు బొమ్మలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఏడోదాంట్లో పిట్ట నోట్లో చిన్న చేప, తొమ్మిదో దాంట్లో బొరియ అంచు కింద తెల్లటి రెట్టల చార. లోపల పిల్లలున్నాయని నాకు చెప్పింది ఆ చారే. ఒక్క రోజు వెళ్ళి వచ్చే స్కెచింగ్‌లో ఇది దొరకదు. ఉన్నచోటే ఉండడం అన్న అర్థం రెసిడెన్సీ అనే మాటలోనే ఉంది.

డైరీ సైజు గురించి. పెద్ద పేజీ భయపెడుతుంది. శాంతినికేతన్‌లో కళాభవన్ అనే చిత్రకళా విద్యాలయాన్ని నడిపిన నందలాల్ బోస్ చిన్న కార్డుల మీద కనిపించినదల్లా గీసేవారు. వాటినే ఉత్తరాలుగా శిష్యులకీ మిత్రులకీ పంపేవారు. పోస్టుకార్డంత చోటులో తాటిచెట్టు, ఎద్దు, నడిచిపోయే మనిషి. నలభై ఐదు నిమిషాలకి ఆ సైజు సరిగ్గా సరిపోతుంది. నేను పేజీని రెండుగా మడిచి సగంలోనే బొమ్మ వేశాను.

కాగితం, రంగు, తేమ

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా గాలిలో తేమ ఎక్కువ. ఇంటర్నెట్‌లో చెప్పే పద్ధతులు చాలావరకు పొడి ఊళ్ళవి.

మామూలు లాంగ్ నోట్‌బుక్ కాగితం తడి తగిలితే ముడతలు పడుతుంది. నీటిరంగులకి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న) కాగితం మంచిది. ఖరీదు అనుకుంటే 200 జీఎస్‌ఎం డ్రాయింగ్ కాగితం తెచ్చి, మడిచి, దారంతో కుట్టుకోవచ్చు. నాది అలా కుట్టిందే. అట్టకి మా షాపులో మిగిలిన ఫ్లెక్సీ ముక్క వేశాను. మంచు పడినా, పాల క్యాన్ ఒలికినా లోపలి కాగితం తడవలేదు.

నీటిరంగుల కాగితం మీద రంగు ఒక్కసారిగా ఇంకిపోకుండా సన్నటి జిగురు పూత ఉంటుంది. తేమలో చాలాకాలం ఉంటే ఆ పూత పాడై, రంగు అద్దుడు కాగితం మీద పడ్డట్టు మచ్చలుగా పీల్చుకుపోతుంది. కాబట్టి మిగిలిన కాగితాన్ని గాలి చొరని కవర్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోవాలి. వేసవిలో పొద్దున్నే వేసిన రంగు పది నిమిషాల్లో ఆరుతుంది. వర్షాకాలంలో ఆరనే ఆరదు. తడి మీద తడి వేస్తే బురదవుతుంది. అప్పుడు పెన్ను, పెన్సిల్‌తో సరిపెట్టుకోవడం నయం.

పెన్ను విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది జెల్ పెన్నుతో. చాలా జెల్ ఇంకులు నీళ్ళు తగిలితే కరిగిపోతాయి. బాల్‌పెన్నులో నూనె ఇంకు ఉంటుంది, మీద నీటిరంగు వేసినా చెదరదు. ఏ పెన్ను కొన్నా చివరి పేజీలో ఒక గీత గీసి, మర్నాడు తడి కుంచెతో రుద్ది చూడండి.

రంగులు నాలుగు చాలు: లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ బ్లూ. డబ్బాలో వచ్చే పచ్చ మన కొబ్బరాకుకి సరిపోదు, ప్లాస్టిక్‌లా ఉంటుంది. లెమన్ యెల్లోలో నీలం కలిపి, కొసకి చిటికెడు సియెన్నా వేస్తే ఎండలో ఉన్న కొబ్బరాకు వస్తుంది. సియెన్నా, నీలం కలిపితే తడి ఒండ్రు రంగు.

ఆ ఒండ్రునే రంగుగా వాడొచ్చు. నీటిరంగు అంటే ప్రధానంగా మెత్తటి రంగుపొడి, తుమ్మజాతి చెట్టు జిగురు. కాలువ అడుగు మట్టిని ఎండబెట్టి, నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, తుమ్మజిగురు నానబెట్టిన నీళ్ళతో కలిపాను. మొదటిసారి జిగురు తక్కువై పొడిపొడిగా రాలిపోయింది. రెండోసారి కాగితానికి పట్టింది. ఆ డైరీలో ఆఖరి పది పేజీల్లోని కాలువ, కాలువ మట్టితోనే ఉంది.

మనుషులు

క్లోజర్ రోజుల్లో గట్టు మీద పుస్తకం పట్టుకున్నవాణ్ణి అందరూ సర్వేకి వచ్చినవాడనే అనుకుంటారు. లాకు దగ్గర లస్కర్ (కాలువ, తలుపులు చూసుకునే ఉద్యోగి) పెద్దాయన మూడోరోజే అడిగారు.

"ఏం బాబూ, కొలతలా?"

"కాదు బాబాయ్, బొమ్మ వేసుకుంటున్నాను."

"ఆయ్! అలాగా. మరి తలుపు ఇటు తిరుగుతుందండి, మీరు అటు గీశారు."

ఆయన దగ్గర నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. గోదావరి కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకి కూడా తవ్వినవి. లాకుల్లో నీటి మట్టం మార్చి పడవని ఎక్కించేవారు, దింపేవారు. లొల్ల లాకులకి సరదాగా వెళ్ళి ఫోటోలు దిగుతాం గానీ ఆ పని ఎలా జరిగేదో చాలామందికి తెలియదు. ఆయన రెండు చేతుల్నీ తలుపుల్లా పెట్టి చూపిస్తే నాకు అర్థమైంది.

పూడిక తీసే కూలీల్ని వేసేముందు అడగండి. ఇది నేను గట్టిగా నమ్ముతాను. ఎండలో చెమటోడుస్తున్న మనిషిని, తనకి తెలియకుండా గట్టు మీద కూర్చుని గీయడం నాకు నచ్చదు. అడిగితే చాలామంది సరే అన్నారు. ఒకామె వద్దంది, ఆమెని వేయలేదు. ఆ పేజీలో ఆమె పక్కన పెట్టిన టిఫిన్ క్యారేజీ ఉంది, అది కూడా అడిగే వేశాను.

సొంత రెసిడెన్సీలో నిజంగా లేనిది తోటి కళాకారుడి కన్ను. డబ్బు కూడా లేదు. అది నేను తీర్చుకోలేకపోయాను, రెండు ఆదివారాల ఓవర్‌టైమ్‌తో కాగితం, రంగులు కొన్నానంతే. కానీ కన్ను ఒక్కటి దొరికినా చాలు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంట్లో దామెర్ల రామారావు పడ్డారు, అడివి బాపిరాజు పడ్డారు. ఆ ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకున్న రామారావు మళ్ళీ రాజమండ్రికే వచ్చి చిత్రకళ నేర్పారు. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయారు. ఆయన బొమ్మలున్న గ్యాలరీ ఇప్పటికీ రాజమండ్రిలో ఉంది, మన జిల్లాల వాళ్ళు ఒక్కసారైనా చూసి తీరాలి. నేను ప్రతి ఆదివారం ఒక బొమ్మని పోస్టుకార్డు మీద మళ్ళీ వేసి కాకినాడలో ఉన్న నా క్లాస్‌మేట్‌కి పంపాను. పొగడొద్దు, ఏం కనిపించిందో మాత్రం రాయమన్నాను. "నీ కొంగలన్నీ ఒకేవైపు చూస్తున్నాయి" అని రాశాడు. నిజమే.

కాలువ లేనివాళ్ళు వేరే గడువు చూసుకోవచ్చు, డెల్టాలో వాటికి కొదవ లేదు. కొబ్బరి తోట ఉంటే కాయలు దించే ఒక దింపు నుంచి ఇంకో దింపు దాకా. సంక్రాంతికి ఊళ్ళో ప్రభ (దేవుణ్ణి ఊరేగించే వెదురు కట్టడం) కట్టడం మొదలైన రోజు నుంచి, కనుమనాడు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటకి అది చేరేదాకా. వరద రోజులైతే ధవళేశ్వరం దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలే పేజీల పైన వేసుకోవచ్చు. కానీ లంకల్లో ఉండేవాళ్ళకి అవి సామాన్లు సర్దుకునే రోజులు. ఆ సమయంలో ఎవరి ఇంటి ముందూ డైరీ తెరవకూడదు.

నా గడువు ఆ ఏడాది 41 రోజులు వచ్చింది. 33 పేజీల్లో బొమ్మలున్నాయి. మిగిలిన 8 పేజీల్లో తేదీ, ఒక్కో వాక్యం. "పెళ్ళి ఫ్లెక్సీలు, రాత్రి రెండింటి దాకా" అని నాలుగుచోట్ల ఉంది. నీళ్ళు మా వంతెన దగ్గరికి మధ్యాహ్నం వచ్చాయి. ముందు నురుగు, తర్వాత తూటికాడలు, కొబ్బరి డొక్కలు, ఆ వెనక ఎర్రటి నీళ్ళు. షాపులో గంట పర్మిషన్ తీసుకుని వచ్చి చూశాను. లకుముకి పిల్లలు అప్పటికి వారం క్రితమే ఎగిరిపోయాయి.

ఆ ఆదివారం మా ఇంటి అరుగు మీద బట్టల తాడు కట్టి, పేజీల జిరాక్సులు క్లిప్పులతో వేలాడదీశాను. పదిహేను మంది దాకా వచ్చారు, ఎక్కువమంది తమ బొమ్మ ఉందేమోనని వెతుక్కున్నారు. లస్కర్ బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతూ పన్నెండో రోజు దగ్గర ఆగారు. లాకు గోడ మీద అంకెల్ని నేను పై నుంచి కిందికి తిరగేసి వేశాను. అసలు డైరీ తెప్పించి, పెన్నిచ్చి, ఆయన చేతే పక్కన సరిగ్గా రాయించుకున్నాను. సున్నా అడుగున ఉంది.